క్లిన్స్‌మాన్ మంచి కోచేనా? ఒకే మనిషి, ఐదు కొలువులు, తేలని లెక్క

2024 ఫిబ్రవరి 6న ఖతార్‌లో ఏషియన్ కప్ సెమీఫైనల్ జరిగింది. ఫిఫా ర్యాంకింగ్స్‌లో 23వ స్థానంలో ఉన్న దక్షిణ కొరియా, 87వ స్థానంలో ఉన్న జోర్డాన్ చేతిలో 0-2తో ఓడిపోయింది. ఓడటం ఒక ఎత్తు, మ్యాచ్ మొత్తంలో గోల్‌పోస్టు లోపలికి వెళ్లే షాట్ ఒక్కటి కూడా కొట్టలేకపోవడం ఇంకో ఎత్తు. కెప్టెన్ సన్ హ్యూంగ్-మిన్ అభిమానులకు క్షమాపణ చెప్పాడు. కోచ్ మాత్రం నవ్వుతూ వెళ్లి జోర్డాన్ కోచ్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. కొరియా అభిమానులకు ఓటమి కంటే ఆ నవ్వు చూసే ఒళ్లు మండింది. సరిగ్గా పది రోజులకు ఆ కోచ్ ఉద్యోగం పోయింది.

ఆ కోచ్ జర్మనీకి చెందిన యుర్గెన్ క్లిన్స్‌మాన్. అతని నవ్వు మీద గొడవ కావడం అదే మొదటిసారి కాదు. 2006 మార్చిలో జర్మనీ జట్టు ఇటలీ చేతిలో 1-4తో చిత్తయినప్పుడు ‘బిల్డ్’ పత్రిక అతనికి ‘గ్రిన్సీ-క్లిన్సీ’ అని పేరు పెట్టింది. పళ్లికిలించే క్లిన్సీ అన్నమాట. అయితే నాలుగు నెలలు తిరిగేసరికి అదే జర్మనీ అతన్ని నెత్తిన పెట్టుకుంది. వెళ్లొద్దని బతిమాలింది.

రెండు సందర్భాల్లోనూ అతని మీద వచ్చిన ఫిర్యాదులు దాదాపు ఒకటే. దేశంలో ఉండడు, అమెరికా నుంచే ఫోన్లో నడిపిస్తాడు, వ్యూహం కంటే మాటలు ఎక్కువ. మరి ఒకచోట అదే పద్ధతిని విప్లవం అని మెచ్చుకున్నవాళ్లు ఇంకోచోట నిర్లక్ష్యం అని ఎందుకు తిట్టారు? గెలుపోటములు అంటే సరిపోతుంది కానీ, అది సగం జవాబే. మిగతా సగం కోసం అతని ఐదు కొలువులనూ విడివిడిగా చూడాలి.

ఆటగాడిగా ఎవరికీ సందేహం లేదు

క్లిన్స్‌మాన్ 1964లో గోపింగెన్‌లో పుట్టాడు. తండ్రి బేకరీ యజమాని. కుటుంబం స్టట్‌గార్ట్ శివార్లలోని బోట్నాంగ్‌లో బేకరీ కొనుక్కుంది. కుర్రాడు ఫుట్‌బాల్‌తో పాటు బేకరీ పనిలో కూడా శిక్షణ పూర్తి చేశాడు. ఆ తర్వాత ఆ పని అవసరం పడలేదు. 1987-88లో స్టట్‌గార్ట్ క్లబ్ తరఫున 19 గోల్స్‌తో జర్మన్ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. ఇటలీలో ఇంటర్ మిలాన్, ఫ్రాన్స్‌లో ఆర్సెన్ వెంగర్ కోచ్‌గా ఉన్న మొనాకో, ఇంగ్లాండ్‌లో టాటెన్‌హామ్, మళ్లీ స్వదేశంలో బయర్న్ మ్యూనిక్. జాతీయ జట్టుకు 108 మ్యాచ్‌ల్లో 47 గోల్స్. 1990 ప్రపంచకప్ గెలిచిన జట్టులో స్ట్రైకర్, 1996 యూరో కప్ గెలిచిన జట్టుకు కెప్టెన్.

కొరియావాళ్లకు కూడా అతను కొత్త కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పశ్చిమ జర్మనీ జట్టులో ఉన్నాడు. 1994 ప్రపంచకప్‌లో డల్లాస్‌లో కొరియా మీద జర్మనీ 3-2తో గెలిస్తే అందులో రెండు గోల్స్ ఇతనివే.

ఆటగాడి రోజుల నుంచి ఒక ముచ్చట మాత్రం గుర్తు పెట్టుకోవాలి. 1994లో టాటెన్‌హామ్‌కు వచ్చేనాటికి ఇంగ్లాండ్‌లో అతనికి చెడ్డపేరు ఉంది. ఎవరైనా తాకితే చాలు కావాలని పడిపోయి పెనాల్టీలు సంపాదిస్తాడని. తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి, పరిగెత్తుకెళ్లి గడ్డి మీద బోర్లా జారాడు. మీరు నన్ను తిట్టేది దీని గురించేగా అన్నట్టు. తిట్టేవాళ్లంతా నవ్వేశారు. ఆ సీజన్ చివర్లో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ రచయితలు అతన్నే ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఒక గుంపు మూడ్‌ను క్షణంలో మార్చేయగలగడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంకోటి, ఎక్కడా ఎక్కువ కాలం ఉండకపోవడం. స్టట్‌గార్ట్‌లో ఐదేళ్ల తర్వాత ఏ క్లబ్‌లోనూ మూడేళ్లు దాటలేదు.

‘కోచ్’ అనే ఒక్క మాటలో నాలుగు ఉద్యోగాలు

క్రికెట్‌కు అలవాటు పడిన మనకు కోచ్ అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చునే పెద్దమనిషి. మైదానంలో బౌలర్‌ను మార్చేది, ఫీల్డర్‌ను జరిపేది కెప్టెన్. ఫుట్‌బాల్‌లో అలా కాదు. బంతి కదిలాక ఆట ఆగదు, కెప్టెన్‌కు ఆలోచించుకునే తీరిక ఉండదు. ఎవరు ఆడాలి, ఎక్కడ నిలబడాలి, బంతి పోతే ముందుకెళ్లి లాక్కోవాలా లేక వెనక్కి తగ్గాలా, ఎవర్ని ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ కోచ్ చేతిలోవే. అందుకే ఓడితే మొదట పోయేదీ కోచే.

ఆ పనిని విడగొట్టి చూస్తే అందులో మనుషుల్ని ఎంచుకోవడం ఉంది, వాళ్లకు ఆట నేర్పి అలవాటు చేయించడం ఉంది, అహంకారాలూ అలకలూ సర్దడం ఉంది, డాక్టర్లూ ఫిట్‌నెస్ ట్రైనర్లూ ప్రత్యర్థుల్ని గమనించే స్కౌట్‌లూ ఉండే వ్యవస్థను కట్టడం ఉంది. నాలుగూ ఒక్క మనిషికే రావడం అరుదు. క్లిన్స్‌మాన్ గురించిన వాదనల్లో ఒకరు మొదటి పని గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు రెండో పని గురించి మాట్లాడుతుంటారు. సగం గందరగోళం అక్కడే.

జాతీయ జట్టు కోచ్‌కూ క్లబ్ కోచ్‌కూ మధ్య తేడా ఇంకా ముఖ్యం. ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. క్లబ్ కోచ్‌కు ఆటగాళ్లు జులై నుంచి మే దాకా అందుబాటులో ఉంటారు. వారానికి ఐదు రోజుల చొప్పున 40 వారాలు అనుకుంటే 200 రోజులు. జాతీయ జట్టు ఆటగాళ్లు ఏడాదికి నాలుగైదు సార్లు, ఒక్కోసారి పది రోజులు వస్తారు. ప్రయాణం, విశ్రాంతి, మ్యాచ్ రోజులు తీసేస్తే ఒక్కో విడతకు అయిదు రోజుల సాధన మిగలడం కష్టం. ఏడాది మొత్తానికి పాతిక రోజులు అనుకోండి. 25 రోజుల్లో ఉత్సాహం, ఎంపిక, స్పష్టమైన ఒకే ఒక్క ఆలోచన పనిచేస్తాయి. 200 రోజుల్లో అవి అరిగిపోతాయి. రోజూ పొద్దున్నే కొత్తగా నేర్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

లైసెన్సు సంగతి కూడా చెప్పుకోవాలి. జర్మనీలో పెద్ద జట్లకు కోచ్ కావాలంటే ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు ఉండాలి. 1990లో ప్రపంచకప్ గెలిపించిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్‌కు అది లేదు. అందుకని ఆయన్ను ‘బుండెస్‌ట్రైనర్’ (జాతీయ కోచ్) అనకుండా ‘టీమ్‌షెఫ్’ (జట్టు పెద్ద) అన్నారు. పని అదే, పలక మారింది. కొన్నేళ్ల తర్వాత జాతీయ జట్టుకు వచ్చిన రూడీ ఫోలర్‌దీ అదే కథ. క్లిన్స్‌మాన్ 2000లో మాజీ స్టార్ల కోసం పెట్టిన కుదించిన కోర్సు చేసి లైసెన్సు తెచ్చుకున్నాడు. కోచింగ్ కోర్సులోనే యోఆకిమ్ లోవ్‌తో పరిచయం బలపడింది. నలుగురు డిఫెండర్లు వరుసలో ఎలా కదలాలో లోవ్ వివరించిన తీరు తనను కట్టిపడేసిందని తర్వాత చెప్పాడు. ఈ లోవ్ కథలో మళ్లీ మళ్లీ వస్తాడు.

2004-06: బేకరీ కుర్రాడు వ్యవస్థను పిసికిన రెండేళ్లు

2004 యూరో కప్‌లో జర్మనీ ఒక్క మ్యాచ్ గెలవకుండా ఇంటికొచ్చింది. ఫోలర్ రాజీనామా చేశాడు. రెండేళ్లలో సొంతగడ్డ మీద ప్రపంచకప్. ఒట్మార్ హిట్జ్‌ఫెల్డ్‌ను అడిగితే ఆయన వద్దన్నాడు. చివరికి అంతవరకు ఒక్క జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయని, కాలిఫోర్నియాలో కాపురం ఉంటున్న క్లిన్స్‌మాన్‌కు పగ్గాలిచ్చారు.

అతను వస్తూనే లోవ్‌ను అసిస్టెంట్‌గా, 1996 నాటి సహచరుడు ఒలివర్ బియర్‌హోఫ్‌ను టీమ్ మేనేజర్‌గా పెట్టుకున్నాడు. అమెరికా నుంచి ఫిట్‌నెస్ ట్రైనర్లను దించాడు. ప్రపంచస్థాయి ఆటగాళ్లు కాళ్లకు రబ్బరు బ్యాండ్లు కట్టుకుని పక్కపక్కకు నడుస్తుంటే పత్రికలు పడీ పడీ నవ్వాయి. క్రీడా మనస్తత్వవేత్తను తెచ్చాడు. స్విట్జర్లాండ్ నుంచి ఉర్స్ జీగెన్‌థాలర్‌ను తెచ్చి ప్రత్యర్థుల్ని చదివే పని అప్పగించాడు. సమాఖ్యకు టెక్నికల్ డైరెక్టర్‌గా హాకీ కోచ్ బెర్న్‌హార్డ్ పీటర్స్‌ను పెట్టమని పట్టుబట్టాడు. హాకీవాడు ఫుట్‌బాల్‌కు పాఠాలు చెప్పడమేంటని పెద్దలు ఆ ఒక్కటీ ఒప్పుకోలేదు, మథియాస్ జామర్‌కు ఇచ్చారు.

అన్నిటికంటే పెద్ద దుమారం గోల్‌కీపర్ విషయంలో రేగింది. ఒలివర్ కాన్ అంటే 2002 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడు, జట్టు కెప్టెన్, జర్మనీకి దాదాపు దేవుడు. క్లిన్స్‌మాన్ ముందు కెప్టెన్సీ మిషాయెల్ బాలాక్‌కు ఇచ్చాడు. కాన్ పక్షం వహించిన గోల్‌కీపింగ్ కోచ్ జెప్ మాయర్‌ను పంపించేశాడు. 2006 ఏప్రిల్‌లో, టోర్నీకి రెండు నెలల ముందు, మొదటి గోల్‌కీపర్ కాన్ కాదు, యెన్స్ లేమన్ అని ప్రకటించాడు. దీనికి ఆట పరమైన కారణం ఉంది. డిఫెండర్లు ముందుకెళ్లి ఆడితే వాళ్ల వెనక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని గీత వదిలి బయటకొచ్చి కాపాడే గోల్‌కీపర్ కావాలి. లేమన్ అలాంటివాడు. కాన్ గీత మీద నిలబడి గోల్స్ ఆపడంలో మొనగాడు. అంటే అది పంతం కాదు, వ్యూహమే. అతనికి వ్యూహం తెలియదనేవాళ్లు ఈ సంగతిని పెద్దగా ప్రస్తావించరు.

ఈలోగా మార్చిలో ఫ్లోరెన్స్‌లో ఇటలీ చేతిలో 1-4. ఆ తర్వాత క్లిన్స్‌మాన్ కాలిఫోర్నియా వెళ్లిపోయి, ప్రపంచకప్ కోచ్‌ల కోసం డ్యూసెల్‌డార్ఫ్‌లో పెట్టిన సమావేశానికి రాలేదు. బెకెన్‌బావర్ బాహాటంగా విసుక్కున్నాడు. పార్లమెంటు క్రీడా కమిటీ ముందుకు పిలిచి సంజాయిషీ అడగాలని కొందరు ఎంపీలు డిమాండ్ చేశారు. ఫుట్‌బాల్ కోచ్‌ను పార్లమెంటుకు పిలవడం మనకు వింతగా ఉంటుంది కానీ, జర్మనీలో ఆ రోజుల్లో టెన్షన్ ఆ స్థాయిలో ఉంది.

జూన్‌లో టోర్నీ మొదలైంది. కోస్టారికా మీద 4-2. పోలండ్ మీద 90 నిమిషాలు దాటినా 0-0. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన డేవిడ్ ఒడోంకోర్ కుడివైపు నుంచి బంతి పంపితే, ఇంకో సబ్‌స్టిట్యూట్ ఒలివర్ నోయ్‌విల్ గోల్ కొట్టాడు. ఒడోంకోర్‌ను జట్టులోకి తీసుకునేనాటికి అతను జర్మనీకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ ఎంపిక చూసి దేశమంతా నోరెళ్లబెట్టింది. ఈక్వెడార్, స్వీడన్ తర్వాత క్వార్టర్స్‌లో అర్జెంటీనాతో పెనాల్టీ షూటౌట్. దానికి ముందు కాన్ వచ్చి లేమన్ చేయి పట్టుకుని ధైర్యం చెప్పాడు. లేమన్ సాక్స్‌లో ఒక చీటీ, ఎవరు ఎటు కొడతారో అందులో రాసుంది. జర్మనీ గెలిచింది. సెమీస్‌లో మళ్లీ ఇటలీ. ఎక్స్‌ట్రా టైమ్ 119వ నిమిషం దాకా నిలిచి 0-2తో ఓడారు. మూడో స్థానం మ్యాచ్‌లో గోల్‌పోస్టు ముందు కాన్‌ను నిలబెట్టి, పోర్చుగల్ మీద 3-1తో గెలిచారు.

కప్పు రాలేదు. అయినా లక్షలమంది వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు. ఏళ్ల తరబడి గెలుపు కోసం మాత్రమే ఆడుతుందని పేరున్న జట్టు, ఓడినా ఫర్వాలేదన్నట్టు ముందుకురికి ఆడింది. టోర్నీ అయిన మూడు రోజులకు క్లిన్స్‌మాన్ తప్పుకున్నాడు. కొలువు లోవ్‌కు దక్కింది. లోవ్ 2014లో ప్రపంచకప్ గెలిచి, 2021 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు.

ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి?

క్లిన్స్‌మాన్ మీద తర్వాత జరిగిన చర్చంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అతన్ని సమర్థించేవాళ్లు అన్నీ అతను మార్చినవే అంటారు. లోవ్‌ను తెచ్చింది కూడా అతనే. 2014 కప్పుకు విత్తనం అక్కడే పడిందంటారు.

రెండో పక్షం ప్రకారం శిక్షణ మైదానంలో పాఠం చెప్పింది లోవ్. క్లిన్స్‌మాన్ పెళ్లి పెద్ద, వంట చేసింది వేరే మనిషి. లోవ్ ఒక్కడే పదిహేనేళ్లు నిలబడటం, క్లిన్స్‌మాన్‌కు లోవ్ లేకుండా మళ్లీ అలాంటి ఫలితం రాకపోవడం వీళ్ల సాక్ష్యం.

మూడో వాదన ఇద్దర్నీ పక్కన పెడుతుంది. 2000 యూరో కప్‌లో ఘోరంగా ఓడాక జర్మన్ సమాఖ్య కుర్రాళ్ల శిక్షణ వ్యవస్థను తిరగరాసింది, పెద్ద క్లబ్‌లన్నీ యూత్ అకాడమీలు పెట్టాల్సిందే అంది. ఆ పంట చేతికొచ్చే వేళకు అతను పొలంలో ఉన్నాడు, అంతే. ఫిలిప్ లామ్, బాస్టియన్ ష్వైన్‌స్టైగర్, లూకాస్ పొడోల్‌స్కీ ముగ్గురూ ఫోలర్ హయాంలోనే జాతీయ జట్టులోకి వచ్చారు. ఇది నిజం. అయితే 21 ఏళ్ల పేర్ మెర్టెసాకర్‌ను ప్రపంచకప్ డిఫెన్స్ మధ్యలో నిలబెట్టింది క్లిన్స్‌మాన్ అన్నదీ నిజమే. పంట పండటం వేరు, పండిందని నమ్మి కోయడం వేరు.

నా లెక్కలో ఇంకో సంగతికి ఎక్కువ బరువుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆతిథ్య దేశం కాబట్టి 2006కు జర్మనీ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడనక్కర్లేదు. రెండేళ్లూ ఫ్రెండ్లీలు, మధ్యలో ఒక కాన్ఫెడరేషన్స్ కప్. ఓడితే పత్రికలు తిడతాయి కానీ పాయింట్లు పోవు. చివర్లో సార్డీనియా, జెనీవాల్లో వారాల తరబడి క్యాంపు. జాతీయ కోచ్‌కు మామూలుగా దొరకనిది అతనికి దొరికింది. పాయింట్ల భయం లేకుండా ప్రయోగాలు చేసే కాలం, దానికొక చివరి తేదీ. 34 మ్యాచ్‌ల్లో 20 గెలుపులు, 8 డ్రాలు, 6 ఓటములు అనే రికార్డును ఈ వెలుగులో చదవాలి.

బయర్న్‌లో 200 రోజుల పరీక్ష

2008 జులైలో బయర్న్ మ్యూనిక్ కోచ్ అయ్యాడు. ఆటగాళ్ల కోసం కొత్త కేంద్రం కట్టించాడు, దాని పైకప్పు మీద బుద్ధుడి విగ్రహాలు పెట్టించారు. ఊళ్లో గొడవై తర్వాత తీసేశారు. విగ్రహాల కథ నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ అసలు సమస్య అది కాదు.

ఆ సీజన్‌లో జట్టు యూరప్ పెద్ద క్లబ్‌లు తలపడే చాంపియన్స్ లీగ్‌లో పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 12-1తో తొక్కేసింది. అదే జట్టు 2009 ఏప్రిల్ మొదటివారంలో లీగ్‌లో వోల్ఫ్స్‌బర్గ్ చేతిలో 1-5తో, నాలుగు రోజులకు బార్సిలోనా చేతిలో 0-4తో కుప్పకూలింది. బలహీనుల మీద విరుచుకుపడటం, పద్ధతి ఉన్న జట్టు ఎదురైతే చెల్లాచెదురు కావడం. ఏప్రిల్ 27న తీసేశారు.

లెక్క చూద్దాం. తీసేసేనాటికి 34 మ్యాచ్‌ల లీగ్‌లో 29 అయ్యాయి. బయర్న్‌కు 54 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 1.86. మొదటి స్థానానికి దూరం మూడు పాయింట్లే. వేరే క్లబ్‌లో అయితే సన్మానం చేసేవాళ్లు. మిగిలిన ఐదు మ్యాచ్‌లకు పిలిపించిన యుప్ హైంకెస్ నాలుగు గెలిచి ఒకటి డ్రా చేశాడు. మ్యాచ్‌కు 2.6. అయినా రెండు పాయింట్ల తేడాతో టైటిల్ వోల్ఫ్స్‌బర్గ్‌కే పోయింది. ఐదు మ్యాచ్‌లతో ఏదీ రుజువు కాదు, కొత్త కోచ్ రాగానే వచ్చే ఊపు కూడా అందులో ఉండొచ్చు. కానీ జట్టులో సత్తా లేదన్న మాట మాత్రం నిలబడదు.

రెండేళ్ల తర్వాత లామ్ తన ఆత్మకథలో రాసింది బాగా తగిలింది. క్లిన్స్‌మాన్ కింద దాదాపు ఫిట్‌నెస్ సాధనే జరిగేదని, ఎలా ఆడాలో మ్యాచ్ ముందు ఆటగాళ్లే కూడి మాట్లాడుకోవాల్సి వచ్చేదని అతని ఆరోపణ. లామ్ కక్షగట్టి రాసే మనిషి కాదు. అయితే ఇంకా ఆడుతున్న ఆటగాడు పాత కోచ్‌ల గుట్టు విప్పడం మర్యాద కాదని ఆ పుస్తకం మీద విమర్శలూ వచ్చాయి. అక్కడ లోవ్ లాంటి మనిషి పక్కన లేకపోవడం, 25 రోజుల పని 200 రోజులకు సాగడం, రెండూ ఒకేసారి జరిగాయి. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

అమెరికా: అంత తేలిగ్గా తీసిపారేయలేని అయిదేళ్లు

లోవ్ లేకపోతే క్లిన్స్‌మాన్ సున్నా అనేవాళ్లకు అడ్డొచ్చేది అమెరికా. 2011 జులైలో ఆ జట్టు కోచ్ అయ్యాడు. 2012 ఫిబ్రవరిలో జెనోవాలో ఇటలీని అమెరికా తన చరిత్రలో తొలిసారి ఓడించింది. అదే ఆగస్టులో మెక్సికోను వాళ్ల అజ్టెకా స్టేడియంలో తొలిసారి ఓడించింది. 2013లో వరసగా 12 మ్యాచ్‌లు గెలిచి ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ గోల్డ్ కప్ కూడా పట్టింది. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ, పోర్చుగల్, ఘనా ఉన్న గ్రూపు దాటి, రెండో రౌండ్‌లో బెల్జియం చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడింది.

ఇక్కడా గొడవలు తక్కువేం కాదు. అమెరికా ఫుట్‌బాల్‌కు ముఖచిత్రం లాంటి లాండన్ డొనోవన్‌ను 2014 జట్టులోంచి తీసేశాడు. కాన్ కథే మళ్లీ. కాకపోతే లేమన్‌ను తీసుకోవడానికి వ్యూహం కారణంగా కనిపించింది, డొనోవన్ విషయంలో చాలామందికి పాత లెక్కలు కనిపించాయి. అమెరికా సైనికుల పిల్లలుగా జర్మనీలో పెరిగిన ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. ప్రపంచకప్‌కు వెళ్లిన 23 మందిలో ఐదుగురు జర్మనీలో పెరిగినవాళ్లే. దేశవాళీ లీగ్ స్థాయి చాలదని, కుర్రాళ్లు యూరప్ వెళ్లి ఆడాలని బహిరంగంగా అంటుండేవాడు. లీగ్ పెద్దలకు అది కారం రాసినట్టుండేది.

తర్వాత జారుడు మొదలైంది. 2015 గోల్డ్ కప్ సెమీస్‌లో జమైకా చేతిలో ఓటమి. 2016లో కోపా అమెరికా టోర్నీలో సెమీస్ చేరినా అర్జెంటీనా చేతిలో 0-4. ఆ నవంబరులో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ చివరి రౌండ్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడారు, మెక్సికోతో 1-2, కోస్టారికాతో 0-4. తీసేశారు. మొత్తం 98 మ్యాచ్‌లు, 55 గెలుపులు.

అతన్ని తీసేశాక కూడా అమెరికా 2018 ప్రపంచకప్‌కు అర్హత సాధించలేదు. 1986 తర్వాత అలా జరగడం అదే మొదలు. రెండు మ్యాచ్‌లు ఓడి గుంతలో వదిలాడని కొందరు, ఇంకా ఎనిమిది మ్యాచ్‌లున్నా ఎక్కలేకపోయారంటే జబ్బు కోచ్‌ది కాదని కొందరు. రెండో మాటకు నేను కాస్త ఎక్కువ మొగ్గుతాను.

బెర్లిన్‌లో 76 రోజులు

హెర్తా బెర్లిన్ సంగతి త్వరగా ముగించొచ్చు, అక్కడి ఉద్యోగం లాగే. లార్స్ విండ్‌హార్స్ట్ అనే పెట్టుబడిదారు డబ్బు కుమ్మరించిన క్లబ్‌లో, అతని ప్రతినిధిగా పర్యవేక్షణ బోర్డులో చేరిన క్లిన్స్‌మాన్ 2019 నవంబరు 27న కోచ్ అయ్యాడు. 2020 ఫిబ్రవరి 11న ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి తప్పుకున్నాడు. తర్వాత క్లబ్ పెద్దల్ని తిడుతూ రాసిన డైరీ పత్రికకు పొక్కింది.

చిత్రమేమిటంటే అంకెలు అంత చెడ్డగా లేవు. వచ్చేనాటికి 12 మ్యాచ్‌ల్లో 11 పాయింట్లు, ఆ లెక్కన సీజన్ మొత్తానికి 31 వస్తాయి, లీగ్ నుంచి జారిపోయే ప్రమాదం. అతను 9 మ్యాచ్‌ల్లో 12 తెచ్చాడు. ఆ లెక్కన 34 మ్యాచ్‌లకు 45, నిశ్చింతగా మధ్యలో ఉండొచ్చు. ఆటలో మరీ ఓడలేదు, మనుషుల దగ్గర చెడింది. మూడ్ మార్చే విద్య ఉన్నవాడే అని ముందు చెప్పాను. హెర్తాలో ఆ విద్య తిరగబడింది.

కొరియా: ఒకే రికార్డు, రెండు చదువులు

2023 ఫిబ్రవరిలో కొరియా అతన్ని 2026 ప్రపంచకప్ దాకా నియమించుకుంది. ఆ నియామకంలో సమాఖ్య తన సొంత నిబంధనలే పాటించలేదని ప్రభుత్వ ఆడిట్ తర్వాత తేల్చింది. కాబట్టి అక్కడి కోపం మొత్తం కోచ్ ఒక్కడి మీదే కాదు.

తొలగించేముందు అతని వాదన, 13 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి ఆసియాలో సెమీస్ చేరాం కదా అని. నిజమే. 17 మ్యాచ్‌ల్లో 8 గెలుపులు, 6 డ్రాలు, 3 ఓటములు. మొదట్లో రెండు, చివర్లో ఒకటి ఓడారు, మధ్యలో 13 మ్యాచ్‌లు ఓటమి లేదు.

ఇప్పుడు అవే మ్యాచ్‌లను ఇంకోలా చదవండి. తొలి ఐదింటిలో గెలుపే లేదు. ఏషియన్ కప్‌లో ఆరు మ్యాచ్‌లాడితే 90 నిమిషాల్లో గెలిచింది ఒక్క బహ్రెయిన్ మీదే. 130వ ర్యాంకు మలేషియాతో 3-3. సౌదీ మీద 99వ నిమిషంలో గోల్ కొట్టి షూటౌట్‌లో బయటపడ్డారు, ఆస్ట్రేలియా మీద మ్యాచ్ చివర్లో పెనాల్టీ దొరికి ఎక్స్‌ట్రా టైమ్‌లో గెలిచారు. ఆరు మ్యాచ్‌ల్లో 10 గోల్స్ సమర్పించుకున్నారు. సన్, బయర్న్ డిఫెండర్ కిమ్ మిన్-జే, పారిస్ క్లబ్ ఆటగాడు లీ కాంగ్-ఇన్ ఉన్న జట్టు ఇది. రెండు లెక్కల్లోనూ అబద్ధం లేదు. ఫలితాల పట్టిక చూస్తే 13 కనిపిస్తుంది, ఆట చూస్తే 10 కనిపిస్తుంది.

కోచ్‌కు అనుకూలంగానూ చెప్పాల్సినవి ఉన్నాయి. సెమీస్‌లో కిమ్ మిన్-జే సస్పెన్షన్‌లో ఉన్నాడు. జోర్డాన్ గాలివాటం జట్టు కాదు, ఫైనల్ ఆడింది, తర్వాత 2026 ప్రపంచకప్‌కు తొలిసారి అర్హత కూడా సాధించింది. సెమీస్ ముందు రోజు రాత్రి సన్‌కూ లీకీ మధ్య పెనుగులాట జరిగి, సన్ వేలు బెణికి కట్టుతో ఆడాల్సి వచ్చింది. భోజనం దగ్గర నుంచి కుర్రాళ్లు టేబుల్ టెన్నిస్ ఆడటానికి లేచి వెళ్లడంతో మొదలైన గొడవట. కానీ ఈ చివరి సంగతి అతన్ని కాపాడేదో ముంచేదో చెప్పలేం. అలకలు సర్దడం కోచ్ పనుల్లో ఒకటని ముందే అనుకున్నాం. కాన్‌నూ లేమన్‌నూ ఒకే బెంచి దగ్గర చేయి కలిపించిన మనిషికి అది తప్పిపోయింది.

ఇక అమెరికాలో ఉండటం. యూరప్‌లో ఆడేవాళ్లను చూడటానికి సియోల్‌లో కూర్చోనక్కర్లేదని అతని వాదన. సన్, కిమ్‌ల వరకు అది సరే. కానీ కొరియా లీగ్‌లో ఆడే కొత్త కుర్రాణ్ణి ఎవరు చూస్తారు? 2006లో అతను దూరంగా ఉన్నప్పుడు లోవ్, బియర్‌హోఫ్ జర్మనీలోనే ఉన్నారు. కుర్చీ ఖాళీగా ఉన్నా గది ఖాళీగా లేదు. దూరం రెండు చోట్లా ఒకటే, వెనక ఎవరున్నారన్నదే తేడా. నాకు దొరికిన జవాబుల్లో గట్టిగా నిలబడేది ఇది. అమెరికాలో వచ్చిన విజయాలు దీనికి పూర్తిగా లొంగవని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

ఏది లోవ్‌ది, ఏది క్లిన్స్‌మాన్‌ది అన్న తగువు ఒక్కసారి మాత్రం మైదానంలోకి దిగింది. 2014 జూన్ 26న, బ్రెజిల్‌లోని రెసిఫేలో. తెల్లవార్లూ కురిసిన వానకు ఊరి వీధులు చెరువులయ్యాయి. ఒక గీత దగ్గర జర్మనీ కోచ్‌గా లోవ్, ఇంకో గీత దగ్గర అమెరికా కోచ్‌గా క్లిన్స్‌మాన్. డ్రా అయితే ఇద్దరూ తర్వాతి రౌండ్‌కు వెళ్తారు కాబట్టి పాత మిత్రులు కూడబలుక్కుంటారేమోనని వారం రోజులు గుసగుసలు నడిచాయి. కూడబలుక్కోలేదు. 55వ నిమిషంలో థామస్ ముల్లర్ కొట్టిన గోల్‌తో జర్మనీ 1-0తో గెలిచింది. అటు పోర్చుగల్ ఘనాను ఓడించినా గోల్స్ తేడా చాలకపోవడంతో అమెరికా కూడా ముందుకెళ్లింది.